ఎడమ పురి

వెంతూరా తాడు కొసను నాలుకతో తడిపి, రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి, పురి విప్పడానికి తిప్పాడు. అది విప్పుకోలేదు. ఇంకా బిగుసుకుంది.

ముప్పై ఏళ్ళుగా ఆ వేళ్ళు జీలుగ తాళ్ళను ఒకేవైపు తిప్పి చూస్తున్నాయి. పురి విడితే లోపలి రెండు పోగులు కనిపిస్తాయి. పోగులు కనిపిస్తే నార ఎప్పుడు కోశారో, ఎంతకాలం నానేశారో, పేనినవాళ్ళకు ఓపిక ఉందో లేదో తెలుస్తుంది. వల మొదలుపెట్టే ముందు అతను ఈ పని ఎప్పుడూ మానలేదు. ఈసారి రెండోవైపు తిప్పాడు. తాడు మెత్తగా తెరుచుకుంది.

ఎడమ పురి.

తాడు ఉండను అది వచ్చిన బుట్టలోనే పెట్టేశాడు. నీటి అంచుకు వెళ్ళి బురదతో మోచేతుల దాకా రుద్ది చేతులు కడుక్కున్నాడు. తిరిగి వచ్చి పందిరి కింద కూర్చున్నాడు గాని, బుట్టకు బారెడు ఎడంగా కూర్చున్నాడు.

మా నదిలో హార్డీ పాయ మొదలుకొని సముద్రపు ఉప్పునీళ్ళ దాకా ఎడమ పురి పెట్టే మనిషి ఒక్కడే ఉండేవాడు. అతనిది ఎడమచేతి వాటం. అందరూ కుడి తొడ మీద పేనే నారను అతను ఎడమ తొడ మీద పేనేవాడు. ఇల్లు పైదిబ్బ మీద. చలికాలం మొదట్లో పోయాడు. పోయిన రోజే అతనితోపాటు ఇల్లు, విల్లు, చాపలు, నీళ్ళకుండలు, ఇంటి వెనక గింజల గాదె అన్నీ కాల్చారు. పేరు కూడా ఆ రోజుతో ఆగిపోయింది. ఆ తర్వాత మా నది వంపులో ఎవరూ దాన్ని పలకలేదు, అతనన్న మాటలూ చెప్పుకోలేదు. ఇక్కడ కూడా పైదిబ్బ మనిషి అనే అంటాను.

కాల్చవలసిన వస్తువు ఒక్కటి మిగిలినా పోయినవాడు దానికోసం తిరిగి వస్తాడు. వచ్చినవాడు వస్తువుతో సరిపెట్టుకోడు. దాన్ని ముట్టుకున్న చేతిని, ఆ చేతితో అన్నం తిన్న ఇంటిని పట్టుకుంటాడు. ఈ నది మీద బతికే మా కొకోపా తెగవాళ్ళలో కొట్లాడుకునే విషయాలు చాలా ఉన్నాయి గాని, ఈ ఒక్క విషయంలో రెండో మాట లేదు.

బుట్ట తెచ్చింది చోనా, పైదిబ్బ మనిషి కూతురు. తండ్రి కోసం కత్తిరించుకున్న జుట్టు ఇంకా చెవుల దాకా కూడా పెరగలేదు. మొగుడు లౌరోకు నిరుడు కట్టెలు కొడుతుండగా చెట్టు మీదపడి కాలు విరిగింది. గట్టినేల మీద కర్ర పట్టుకుని నడుస్తాడు, బురదలో నిలబడలేడు. ఇద్దరు పిల్లలు, పెద్దదానికి నాలుగేళ్ళు. ఆ కాలిన గాదెలో తండ్రి గింజలే కాదు, వీళ్ళ గింజలు కూడా ఉన్నాయి. ఒక్క పొయ్యి మీద తినేవాళ్ళు గనక ఒక్క గాదెలోనే పోసుకున్నారు. ఆ చలికాలమంతా చోనా సీమతుమ్మ కాయల పిండితోనూ, ఎవరైనా పెట్టిన పిడికెడు గింజలతోనూ నెట్టుకొచ్చింది.

ఇప్పుడు నది పొంగి ఉంది. ఎగువ కొండల మంచు కరిగి వచ్చే ఎర్రనీళ్ళు మడుగులన్నీ నింపాయి. ఇంకో పదిహేను ఇరవై రోజుల్లో నీళ్ళు వలలు కట్టేంత దిగుతాయి. అప్పుడు మడుగు మూతికి అడ్డంగా వలలు కట్టి, లోపల చిక్కిన చేపలను అటునుంచి తరుముకొస్తారు. వల పెట్టినవాళ్ళు తమ వల ముందు పడిన చేప తీసుకుంటారు. వల లేనివాళ్ళు వెనక నిలబడి, పెట్టినవాళ్ళ మొహాలు చూస్తారు. కొత్త బురదలో వేసిన జొన్న, గుమ్మడి చేతికి వచ్చేదాకా ఆ ఎండబెట్టిన చేపే తిండి. చోనాకు కావలసింది ఆ మూతి దగ్గర ఒక వలంత చోటు. అది తెలిసే వెంతూరా నిన్న బుట్ట తీసుకున్నాడు.

తీసుకునేటప్పుడు తాడు విప్పి చూడలేదు. అది అతని తప్పు.

వెంతూరాకు వల కట్టడం ఎవరూ నేర్పలేదు. కుర్రతనంలో పొగపడవలకు కట్టెలు మోసేవాడు. ఆ పడవల వాళ్ళు పారేసిన తాళ్ళు ఏరుకొచ్చి, పోగు పోగూ విప్పి, మళ్ళీ పేని చూసేవాడు. చినిగిన వలలు కూడా అలాగే విప్పాడు. ఒక ముడి విప్పి వేయడం నేర్చుకోవడానికి ఒక ఎండాకాలం పట్టిందని అతనే చెప్పేవాడు. పడవలు తగ్గిపోయాక కట్టెల పని పోయింది, వలల పని మిగిలింది. మాట తక్కువ మనిషి. వల ఎలా ఉందని ఎవరైనా అడిగితే నీళ్ళలో వేసి చూడమనేవాడు. మా వంపులో పధ్నాలుగు కుటుంబాల వలలూ అతని చేతి మీదుగా వెళ్ళినవే.

ఆ రోజు మధ్యాహ్నం అతని భార్య తెక్లా ఆవలిగట్టు నుంచి వచ్చింది. మనవరాలిని పెద్ద కుండలో కూర్చోబెట్టి, తాను మెడదాకా నీళ్ళలో ఈదుతూ కుండను ముందుకు నెట్టుకొచ్చింది. గట్టెక్కి జుట్టు పిండుకుంటూ మొగుణ్ణి చూసింది, బుట్టను చూసింది.

“అంత దూరంగా కూర్చున్నావేం? కరుస్తుందా అది?”

వెంతూరా పేరు లేకుండా సంగతి చెప్పాడు. ఎడమ పురి అన్నాడు, అంతే. తెక్లాకు అది చాలు. మనవరాలు బుట్ట వైపు రెండు అడుగులు వేసిందో లేదో, రెక్క పట్టుకుని లాగి మళ్ళీ నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి కడిగింది. పిల్ల ఏమీ ముట్టుకోలేదని అతనన్నా వినలేదు.

“తిరిగి ఇచ్చెయ్. చెయ్యి నొప్పిగా ఉందని చెప్పు,” అంది.

“నొప్పి లేదుగా.”

“రేపటికి వస్తుందిలే.”

మర్నాడు పొద్దున లేచేసరికి అతని కుడిచేతి వేళ్ళు వాచి ఉన్నాయి. ముందురోజు పందిరి కప్పు కోసం, వేళ్ళు కోసుకుపోయే బాణపుగడ్డి పీకాడు. దోమలు కూడా విపరీతంగా ఉన్నాయి. కారణాలు రెండూ అతను తనలో తాను చెప్పుకున్నాడు. తెక్లా ఏ కారణమూ అడగలేదు. బుట్ట వైపు చూసి, బుట్టకూ పొయ్యికీ మధ్య నీళ్ళు చల్లింది.

తిరిగి ఇచ్చేయడం తేలిక. కాని తాడు నిజంగా చోనా పేనిందే అయితే? వెంతూరా వద్దన్న తాడును ఇంకెవరూ ముట్టుకోరు. ఎందుకు వద్దన్నాడో చెప్పనక్కరలేకుండానే అందరికీ తెలిసిపోతుంది. పిల్లలున్న ఇంటి మీద అలాంటి మాట ఒకసారి పడితే దాన్ని కడగడానికి ఏ నదీ చాలదు. పోనీ కట్టి ఇచ్చాడనుకుంటే, ఆ తర్వాత ఏ ఇంట్లో ఏ పిల్లకు జ్వరం వచ్చినా అందరూ ముందు చూసేది అతని చేతుల వైపే.

అడిగి తెలుసుకోవాలి. పేరెత్తకుండా అడగాలి. ఆ పని తాడు పేనడం కంటే కష్టం.

వలకు గుండ్లు చేయడానికి మెత్తటి బంకమట్టి ఒక గంపలో వేసుకుని, అదే నెపంగా జమ్ము తెప్ప మీద చోనా ఉన్న దిబ్బకు వెళ్ళాడు. మా వైపు గులకరాయి కూడా దొరకదు. వల కిందికి దిగాలంటే మట్టిగుండ్లు కాల్చుకోవలసిందే. చోనా సీమతుమ్మ కాయలు దంచుతోంది. లౌరో నీడలో కాలు చాపుకుని కూర్చుని, వచ్చినతనికి తలూపాడు. వెంతూరా మట్టి దించాడు. ఎండ గురించి ఒక మాట, నీళ్ళ మట్టం గురించి ఒక మాట అన్నాడు. తర్వాత అడిగాడు.

“ఆ తాడు ఎవరు పేనారు?”

“నేనే. ఏం మామా, ఎక్కడన్నా సన్నబడిందా?”

“సన్నబడలేదు. బాగుంది.”

“బాగుంటే కట్టు మరి.”

“ఎవరి దగ్గర నేర్చుకున్నావు?”

రోకలి ఆగింది. ఆ ప్రశ్న అడగకూడనిదని నోటినుంచి వచ్చాక గాని అతనికి తెలియలేదు. దానికి జవాబు ఒకటే, ఆ జవాబు ఆమె పలకకూడనిది.

“నా నోటితో అనిపించాలనే వచ్చావా మామా? నేనింకా మట్టి ఇవ్వడానికి వచ్చావనుకున్నాను,” అంది చోనా.

లౌరో నేల చూస్తూ కర్రతో గీతలు గీశాడు. చోనా మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. అప్పుడు వెంతూరా ఆ రోకలి ఏ చేతిలో ఉందో చూశాడు. ఎడమచేతిలో. అరచేతి అంచున చర్మం కాయలు కాసి, తాడు పేనేవాళ్ళకు ఉండే నునుపుతో మెరుస్తోంది. పుట్టినప్పటి నుంచి ఎరిగిన పిల్ల. ఇన్నేళ్ళలో ఏ చేత్తో తింటుందో అతను ఒక్కసారీ చూడలేదు.

తెప్ప మీద తిరిగి వస్తూ కొంత తేలికపడ్డాడు. సగం దూరం వచ్చేసరికి ఆ తేలిక పోయింది. ఆమెదీ ఎడమచెయ్యే, సరే. కాని ఆ ఉండ పెద్ద గుమ్మడికాయంత ఉంది. ఇంకా పాలు మానని పిల్ల, కదలలేని మొగుడు, గింజల్లేని ఇల్లు. ఇన్ని పెట్టుకుని ఒక్క చలికాలంలో ఒక్క మనిషి అంత తాడు పేనగలదా? అతను వేళ్ళు ముడుస్తూ లెక్కవేశాడు. వాచిన వేళ్ళు సరిగ్గా ముడుచుకోలేదు.

మూడో రోజు నికానోర్ వచ్చాడు. తెక్లా తమ్ముడు, మడుగు మూతి దగ్గర ఎవరి వల ఎక్కడ కట్టాలో చెప్పేవాడు. ఎండుచేప నములుతూ తెప్ప దిగి, బుట్టను చేత్తో ముట్టుకోకుండా తెడ్డు కొసతో కొద్దిగా వంచి చూశాడు. అక్క ఏదో చెప్పే ఉంటుందని వెంతూరా అనుకున్నాడు.

“ఏం బావా, ఇంకా మొదలుపెట్టలేదా? నది నీకోసం ఆగుతానందా?”

“తాడు చూస్తున్నాను.”

“మూడు రోజుల నుంచీ చూస్తున్నావా! అంత చూడాల్సింది అందులో ఏముంది?” నికానోర్ తెడ్డు నీళ్ళలో కడిగాడు. “మూతి దగ్గర పధ్నాలుగు ఇళ్ళవాళ్ళం నిలబడతాం. నీళ్ళు అందరివీ ఒకటే. అందులో ఒక్క చెడ్డ వల తడిసిందంటే మిగతావాటిని ఎవరు విడదీస్తారు? నువ్వు మంచిదంటే నేను మంచిదంటాను. నువ్వు అనకపోతే ఆ అమ్మాయికి ఈ ఏడు చోటు లేదు.”

“అలాగే,” అన్నాడు వెంతూరా.

“అలాగే అంటే మంచిదనా, కాదనా?”

“చూశాక చెప్తాను.”

నికానోర్ వెళ్ళేముందు, నీటిమట్టం తెలియడానికి గాట్లు పెట్టి నీటి అంచున పాతిన గుర్తుపుల్ల చూశాడు. నీళ్ళు ఆ ఉదయమే దాని మొదటి గాటు నుంచి వేలెడు దిగాయి.

వెంతూరా ఇంక కూర్చోలేదు. పందిరి గుంజలకు తోడు ఇంకో నాలుగు కర్రలు పాతి, ఉండ విప్పుతూ తాడును వాటి చుట్టూ చుట్టసాగాడు. ప్రతి బారా వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చాడు. పైన ఉన్న తాడు ఒక చేతిది. పురి సమంగానే ఉంది గాని, మధ్య మధ్య వదులు. పిల్ల ఏడిస్తే లేచినచోట, మళ్ళీ వచ్చి కూర్చున్నచోట ఆ వదులు తెలుస్తూనే ఉంది. నార అతికినచోట చిన్న బుడిపె. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అదే చెయ్యి. ఉండ సగానికి పైగా అయిపోయింది. అతను మంచిదనే మాట దాదాపు నోట్లోకి తెచ్చుకున్నాడు.

అప్పుడు బుడిపెలు ఆగిపోయాయి.

అదీ ఎడమ పురే. కాని బిగువు ఎక్కడా తేడా లేదు. బారలకు బారలు అతని వేళ్ళ మధ్య నుంచి నీళ్ళలా జారింది. ఒక నార అయిపోయి ఇంకో నార మొదలయ్యే చోటు ఉండి తీరాలి. గోటితో గీకి చూశాడు, తడిపి చూశాడు, వెలుతురుకు పెట్టి చూశాడు. దొరకలేదు.

వెంతూరా చేతులు వెనక్కి తీసుకోలేదు. తీసుకోవలసింది. పదేళ్ళ కింద అతను ఇలాంటి తాడు ఒక ఉండ కావాలని పైదిబ్బకు వెళ్ళి అడిగాడు. చేప పంచుకుంటున్న జనం అందరూ వింటుండగా పైదిబ్బ మనిషి నవ్వి, నీ ముడికి నా తాడు దండగ అన్నాడు. అందరూ నవ్వారు. వెంతూరా కూడా నవ్వి వచ్చేశాడు, మళ్ళీ అడగలేదు. ఆ తాడే ఇప్పుడు అడగకుండా ఒళ్ళోకి వచ్చింది.

చివరిదాకా విప్పాడు. తాడు మొట్టమొదటి కొసన చిటికెన వేలు పట్టేంత ఉచ్చు ఉంది. ఉచ్చు వేయగా మిగిలిన తోక తాడులోనే ఎక్కడో మాయమైంది. పేనినవాడు దాన్ని ఎలా మాయం చేశాడో అతనికి తెలియలేదు. అతను అటూ ఇటూ చూశాడు. తెక్లా పొయ్యి దగ్గర వంగి ఉంది. కత్తి తీసి, ఆ ఉచ్చుతో సహా మూరెడు తాడు కోసి, పందిరి కప్పులో బాణపుగడ్డి మధ్య దోపాడు. ఆ అతుకు ఎలా వేశాడో రెండు రోజులు చూసి, కాల్చేస్తే సరిపోతుందనుకున్నాడు.

“ఏం చేస్తున్నావక్కడ?” అంది తెక్లా వెనక్కి తిరక్కుండానే.

“కప్పు జారింది. సర్దుతున్నాను.”

ఆమె సాయంత్రం అతనికి తిండి విడిగా ఆకులో పెట్టి, ఆ ఆకు నదిలో పారేసింది.

మర్నాడు చోనాను పిలిపించాడు. ఆమె ఒక్కతే వచ్చింది. పందిరి కింద తాడు రెండు చుట్టలుగా ఉంది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

“ఇది నీది. ఇది కాదు,” అన్నాడు వెంతూరా.

చోనా కాదనలేదు. చిన్న చుట్ట ముందు కూర్చుంది గాని ముట్టుకోలేదు. పేరెత్తకుండానే, తామిద్దరూ ఒకే వలకు పేనడం మొదలుపెట్టారని, తండ్రి పేనింది అన్నీ కాల్చిన రోజున తన గుడిసెలో ఉండిపోయిందని చెప్పింది. పైదిబ్బ మీద ఉన్నవన్నీ జనం మోసుకెళ్ళి మంటలో వేశారు. చోనా గుడిసెలో ఏముందని ఎవరూ అడగలేదు.

“నువ్వూ చెప్పలేదు.”

“చెప్పలేదు. గాదె కాలుతుంటే నిలబడి చూశాను మామా. మా గింజలు పేలుతున్న చప్పుడు విన్నాను. ఇదిగో, ఇంకొకటి కూడా ఉంది, ఇదీ తీసుకెళ్ళండి అని నేనే పిలిచి చెప్పాలా అనిపించింది.” చిన్న చుట్ట వైపు చూసి అంది, “చిన్నది నెల నుంచీ సరిగా తినడం లేదు. అప్పటినుంచీ భయం. అందుకే ఆ తాడు మీద నా తాడు చుట్టాను. కనబడకుండా ఉంటే చాలనుకున్నాను.”

పొయ్యి దగ్గర తెక్లా చేతిలో కుండ నేల మీద పెట్టేసింది.

వెంతూరా తిట్టలేదు. రేపు పొద్దున పైదిబ్బ మీదకు తీసుకెళ్ళి కాల్చమన్నాడు. తానూ వస్తానన్నాడు. నమ్మకం లేకా అని ఆమె అడిగింది. లేదనే అన్నాడు.

పైదిబ్బ మీద ఇల్లు ఉన్నచోట బూడిద కూడా మిగల్లేదు, వరదకు ముందే గాలి ఊడ్చేసింది. చోనా ఎండుపుల్లలు పేర్చి మంట వేసింది. వెంతూరా పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. చుట్టను మంటలో వేస్తుందనుకున్న మనిషి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక కొస నుంచి రెండో కొస దాకా వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చింది. మెల్లగా, ఎక్కడా ఆగకుండా. చివరికి రెండు కొసలూ ఒకే చేతిలో పట్టుకుని చూసింది.

“మొదలేది మామా?”

అతను మంట వైపు చూశాడు.

“రెండూ కత్తి కోసిన కొసలే. మొదలు ఇలా వదిలే చెయ్యి కాదు ఇది.”

“కోసేటప్పుడు ఎక్కడో జారి ఉంటుంది.”

చోనా చుట్టను మంటలో వేయలేదు. పక్కన ఇసుక మీద పెట్టింది.

“అయితే దొరికేదాకా ఆగుతాను. నన్ను చుట్టూ తిప్పి తిప్పి అడిగావు. నేను ఒక్కసారే అడుగుతున్నాను,” అంది.

మంట తగ్గుతోంది. ఆమె లేచి ఇంకో నాలుగు పుల్లలు వేసి మళ్ళీ కూర్చుంది. వెంతూరా తెప్ప ఎక్కాడు. వాచిన చేత్తో తెడ్డు వేసుకుంటూ ఇంటికి వెళ్ళి, పందిరి కప్పులోంచి ఆ మూరెడు తాడు తీశాడు. తెక్లా చూస్తూనే ఉంది. చూస్తూనే ఉన్నానని తెలిసేలా చూసింది. అతను తిరిగి పైదిబ్బ చేరేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది. మంట ఆరలేదు. చోనా కూర్చున్నచోటే ఉంది.

ముక్క ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె ఉచ్చును చిటికెన వేలికి తగిలించి, తోక మాయమైన చోటును గోటితో వెతికింది.

“నాకూ ఈ అతుకు రాదు. ఎన్నిసార్లు అడిగినా చూసి నేర్చుకో అనేవాడు,” అంది. అనేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత ముక్కను చుట్ట మీద పెట్టి, రెండూ కలిపి మంటలో వేసింది. జీలుగ తాడు త్వరగానే కాలుతుంది. చివరి ఎరుపు ఆరేదాకా ఇద్దరూ నిలబడ్డారు. తర్వాత నదిలో దిగి తలమీదుగా మునిగారు. తడిబట్టలతోనే ఎవరి తెప్ప వాళ్ళు ఎక్కారు.

ఇక పనికి మిగిలింది పన్నెండు రోజులు. తాడు మూడోవంతు తగ్గింది. ఎప్పటిలా మూడువేళ్ళ కన్నుతో, అంటే ముడికీ ముడికీ మధ్య అంత సందుతో, కడితే మూతి దగ్గర ఒక చోటుకు కావలసిన వెడల్పు రాదు. వెంతూరా పాత కొలతపుల్ల పక్కన పెట్టి, నదిగట్టు మీది విల్లో చెట్టు కొమ్మతో నాలుగువేళ్ళ వెడల్పుది కొత్తది చెక్కాడు. కన్ను పెద్దదైతే ముళ్ళు తగ్గుతాయి, తాడు కలిసొస్తుంది. చిన్న చేప జారిపోతుంది. ఆ నష్టం తప్పదని చోనాకు ముందే చెప్పాడు. అన్ని ముళ్ళకూ ఆధారమైన పైతాడుకు తన దగ్గరున్న నార ఇచ్చి, తన పందిరి కిందే కూర్చుని పేనమన్నాడు. ఆమె ఐదు రోజులు వచ్చింది. పిల్లలను లౌరో దగ్గర వదిలి, పొద్దున వచ్చి ఎండ తగ్గేదాకా ఎడమ తొడ మీద నార పేనింది. పొయ్యి దగ్గర నుంచి తెక్లా ఆ చెయ్యి వెళ్ళిన ప్రతిసారీ చూసింది. మూడో రోజు మాత్రం ఆకులో పిండిముద్ద పెట్టి ఆమె ముందుకు జరిపింది. ఆకు ఎక్కడ పారేయాలో చూపించింది.

వెంతూరా ముడి మీద ముడి వేసుకుంటూ పోయాడు. చేతి వాపు ఆరో రోజుకు తగ్గింది. బాణపుగడ్డి ముట్టుకోకపోవడం వల్ల తగ్గిందా, ఇంకెందువల్లనైనా తగ్గిందా అని అతను ఎవరినీ అడగలేదు. చిన్నపిల్ల తింటోందా అని చోనాను ఒకసారి అడిగాడు. ఒకరోజు తింటోంది, ఒకరోజు లేదు అంది.

పైతాడుకు సొరబుర్రలు, అడుగుతాడుకు కాల్చిన గుండ్లు కట్టిన రోజునే నీళ్ళు గుర్తుపుల్ల మీద మూడో గాటుకు, వలలు కట్టే మట్టానికి దిగాయి. మర్నాడు తెల్లవారగానే జనం మడుగు మూతి దగ్గర చేరారు. వెంతూరా వల భుజాన వేసుకుని వచ్చాడు. నికానోర్ అందరినీ ఆపి, వలను బురద మీద పరిపించి, మోకాళ్ళ మీద కూర్చుని పైతాడు కొసను వేళ్ళతో తిప్పాడు. ఒకవైపు తిప్పాడు, రెండోవైపు తిప్పాడు. లేచి నిలబడ్డాడు.

“ఎడమ పురి,” అన్నాడు. గట్టిగా అనలేదు. అయినా వెనకున్న ఆడవాళ్ళు పిల్లలను దగ్గరికి లాక్కున్నారు.

“ఈ పిల్లదీ ఎడమచెయ్యే. నా పందిరి కింద పేనింది. నేను చూశాను, మీ అక్క చూసింది,” అన్నాడు వెంతూరా.

“వల మొత్తమా?”

“పైతాడు కళ్ళతో చూశాను. మిగతాది వేళ్ళతో చూశాను, ప్రతి బారా.”

“చూస్తే ఏమైనా దొరికిందా?”

చోనా నీళ్ళ వైపు చూస్తోంది. వెంతూరా వల అంచును చేత్తో పట్టుకున్నాడు.

“వలలో లేనిదాని సంగతి నీకెందుకు? ఈ ముళ్ళు నేను వేశాను. దీంతో పట్టిన మొదటి చేప నేను తింటాను. మీరంతా చూడండి.”

నికానోర్ అక్క వైపు చూశాడు. తెక్లా అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నికానోర్ వల కన్నుల్లో ఒకదాంట్లో పిడికిలి దూర్చి బయటికి తీశాడు.

“అది సరే గాని బావా, ఇది వలా, దడియా? పిల్లచేపలన్నీ నవ్వుకుంటూ పోతాయి.”

“పోనీ. పెద్ద గూనిచేప నవ్వదు.”

ఎవరో ముసలాయన నవ్వాడు, తక్కినవాళ్ళు నవ్వలేదు. నికానోర్ వరసలో అన్నిటికంటే దిగువ కొస చూపించాడు. అక్కడ కట్టిన వలను తాకిన నీళ్ళు ఇంకెవరి వలనూ తాకకుండా నేరుగా సముద్రం వైపు పోతాయి. అందుకే ఇచ్చాడని అందరికీ తెలుసు. చోనాకూ తెలుసు. ఆమె బురదలోకి దిగి, నడుము దాకా నీళ్ళు వచ్చేచోట నిలబడి చేతులు చాపింది.

వెంతూరా కూడా దిగాడు. ముందు సొరబుర్రల పైతాడు ఆమె ఎడమచేతి మీద పెట్టాడు, తర్వాత మడత మడతగా వల, చివర గుండ్ల బరువు. ఆమె చేతులు ఆ బరువుకు కొద్దిగా కుంగి, నిలిచాయి. అతను తన చేతులు కిందనుంచి తీసేశాడు.